పదివేల డాలర్ల రేంజ్ మీద పోపు గరిటె నిలబడుతుందా?

అమెరికాలో పాత కిచెన్ కొట్టించి కొత్తది కట్టించుకునే తెలుగు ఇళ్లలో కేబినెట్ల రంగు ఎలాగోలా తేలిపోతుంది, గట్టుకి క్వార్ట్జా గ్రానైటా అన్న గొడవ కూడా రెండు వారాల్లో చల్లబడుతుంది. స్టవ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పని ఆగుతుంది, అందులోనూ ఆ ఇంట్లో వంటంటే నిజంగా ప్రాణం పెట్టే మనిషి ఒకరుంటే నెలలు గడిచినా తేలదు. అక్కడ రేంజ్ అంటే పైన బర్నర్లు, కింద ఓవెన్ కలిసి ఉన్న ఒకే యంత్రం. 30 అంగుళాల మామూలు గ్యాస్ రేంజ్ వెయ్యి డాలర్ల అటూ ఇటూలో దొరుకుతుంది, వోల్ఫ్, థర్మడార్, బ్లూస్టార్, వైకింగ్ లాంటి పేర్లున్న 36 అంగుళాలది ఎనిమిది, పది వేలు, ఒక్కోసారి ఇంకా పైకి వెళ్తుంది. 48 అంగుళాల దాని ధరకి ఒక మోస్తరు సెకండ్‌హ్యాండ్ కారు వచ్చేస్తుంది. ఆ తేడాకి తగ్గ వంట దాని మీద జరుగుతుందా అన్నది షోరూమ్‌లో ఎవరూ చెప్పరు, వాళ్లు చూపించేది మంట ఎంత పెద్దదో.

ఈ పెద్ద మంట పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందంటే, రెస్టారెంట్ల నుంచి. ఇంట్లో బాగా వండేవాళ్లు ఒకప్పుడు నిజంగానే హోటల్ స్టవ్‌లు తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలని చూశారు. అవి ఇంటికి పనికొచ్చేవి కావు, పక్కల ఇన్సులేషన్ ఉండదు, బర్నర్లని వెలిగించే చిన్న పైలట్ మంట రోజంతా వెలుగుతూనే ఉంటుంది, చెక్క కేబినెట్ పక్కన పెడితే నిప్పు భయం, ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు. మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ కార్ల్ జూనియర్ అనే బిల్డర్ ఈ చిక్కుకి దారి వెతికాడు, చూడ్డానికి హోటల్ స్టవ్‌లా ఉండి ఇంట్లో పెట్టుకోదగ్గ రేంజ్ తయారు చేయించాడు, 1987లో వైకింగ్ పేరుతో అవి అమ్మకానికి వచ్చాయి. వోల్ఫ్ కంపెనీ అయితే 1934 నుంచి కాలిఫోర్నియాలో హోటళ్లకి స్టవ్‌లు చేసేది, 2000లో ఫ్రిజ్‌లు చేసే సబ్-జీరో ఇళ్లకి స్టవ్‌లు చేసే దాని విభాగాన్ని కొనుక్కుంది, వోల్ఫ్ ఎర్ర నాబులు ఇప్పుడు రియల్ ఎస్టేట్ ఫొటోల్లో హోదా గుర్తుగా మారిపోయాయి. అంటే ఈ రేంజిల వెనకున్న ఊహంతా స్టేక్ కాల్చే, పాస్తా నీళ్లు మరగబెట్టే హోటల్ వంట. ఒక పొయ్యి మీద పప్పు, ఒక దాని మీద చారు, పక్కన కుక్కర్, ఇంకో పక్క పాలు, మధ్యలో పోపు, ఇలా సాగే వంట వేరే జాతి.

బీటీయూ సంగతి కొంచెం విడమర్చుకోవాలి, ఎందుకంటే బేరమంతా దాని మీదే నడుస్తుంది. ఒక పౌండు నీళ్లను ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వేడెక్కించడానికి పట్టే వేడి ఒక బీటీయూ. బర్నర్‌కి 18,000 బీటీయూ అని రాస్తే గంటకి అంత అని, కరెంటు లెక్కలో చెబితే సుమారు 5.3 కిలోవాట్లు. బ్లూస్టార్ పై మోడళ్లలో ఇది 25,000 దాకా వెళ్తుంది. వినడానికి బావుంది, కానీ గ్యాస్ మంటలో గిన్నెలోకి ఎక్కే వేడి మూడో వంతు నుంచి మహా అయితే నలభై శాతం, మిగతాదంతా గిన్నె పక్కల నుంచి ఎగిరి వంటగదిని, వండే మనిషిని వేడెక్కిస్తుంది. పైగా మంట ఎంత పెద్దదైతే బర్నర్ చుట్టు అంత వెడల్పు. దాని మీద రెండు గ్లాసుల టీ పెట్టే గిన్నె పెడితే మంట గిన్నె కిందకన్నా పక్కల ఎక్కువ ఉంటుంది, పిడి కాలుతుంది, టీ మాత్రం చిన్న బర్నర్ మీద కన్నా పెద్ద తొందరగా కాగదు. పెద్ద బర్నర్ నిజంగా పనికొచ్చేది ఇరవై మందికి బిర్యానీ ఎసరు పెట్టినప్పుడు, గారెలకి పెద్ద బాణలిలో నూనె చల్లారకుండా చూసుకోవాల్సినప్పుడు, అలాంటి బర్నర్ ఒకటి, పోనీ రెండు ఉంటే చాలు, ఆరుకి ఆరూ అవే అయితే అది తద్దినం.

తెలుగు వంటకి అసలు పరీక్ష అవతలి చివర ఉంది, అంటే సిమ్‌లో. పాలు పొంగకుండా కాగుతూ ఉండాలి, వెన్న మాడకుండా నెయ్యి కావాలి, ఉలవచారు గంటలకొద్దీ మరిగి చిక్కబడాలి, గోంగూర నూనెలో నెమ్మదిగా మగ్గాలి, దమ్ము పెట్టిన బిర్యానీ అడుగు అంటకూడదు. ఇండియా స్టవ్‌లో చిన్న బర్నర్ తిప్పితే ఈ పనులన్నీ అయిపోతాయి కాబట్టి దీని గురించి ఎవరూ ఆలోచించరు, పదివేలు పోసిన రేంజ్‌లో సిమ్ సరిగా లేదని తెలిసేది మొదటి వారం అడుగంటిన పప్పు గిన్నె తోముతున్నప్పుడే. కంపెనీలు దీన్ని తలా ఒక రకంగా చేస్తాయి. వోల్ఫ్ సీల్డ్ బర్నర్లలో మంట రెండు అంతస్తుల్లో ఉంటుంది, బాగా తగ్గిస్తే పై వరస ఆరి కింది చిన్న వరస ఒక్కటే వెలుగుతుంది, నిలకడగా ఉంటుంది. థర్మడార్ కొన్ని బర్నర్లలో మంటని అదే ఆర్పి అదే వెలిగిస్తూ సగటు వేడి తగ్గిస్తుంది, పని బానే చేస్తుంది కానీ ఆ టక్ టక్ చప్పుడు కొందరికి చిరాకు. బ్లూస్టార్‌లో సన్న సెగకంటూ ఒక బర్నర్‌ని విడిగా ఇస్తారు, కాబట్టి పాలు, నెయ్యి ఒకేసారి పెట్టాలంటే వంతులు వేసుకోవాలి. కొన్ని షోరూముల్లో గ్యాస్ కనెక్షన్ ఇచ్చి వెలిగించి చూపించే రేంజిలు ఉంటాయి, అక్కడ అడిగి అర లీటరు పాలు అన్నిటికన్నా తక్కువ మంట మీద ఇరవై నిమిషాలు ఉంచి చూడటం కన్నా మంచి పరీక్ష లేదు. సేల్స్ మనిషి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక పోపు గరిటె. ఖరీదైన రేంజిల పైన పోత ఇనుముతో చేసిన బరువైన జాలీలు ఉంటాయి, ఈ చివర నుంచి ఆ చివరికి ఎత్తకుండా గిన్నెని జరపొచ్చు, పెద్ద కుక్కర్లకి అది సుఖమే. కానీ ఆ కమ్మీల మధ్య సందు పెద్ద గిన్నెల కొలతకి పెట్టింది. నాలుగంగుళాల పోపు గరిటె దాని మీద పెడితే రెండు కమ్మీల మధ్య ఒరిగిపోతుంది, పొడుగు కాడ బరువుకి వెనక్కి వాలుతుంది, నూనె ఒక పక్కకి చేరి ఆవాలు ఇంకో పక్క పొడిగా మిగులుతాయి. చివరికి ఒక చేత్తో కాడ పట్టుకుని, ఇంకో చేత్తో జీలకర్ర, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు వేసుకుంటూ నిలబడాలి, కరివేపాకు పడగానే నూనె చిటపటమని ముంజేతి మీదకి. దీనికి మందు చిన్నదే, జాలీ మీద వేసుకునే ఇనప రింగో, అడుగు బల్లపరుపుగా ఉన్న చిన్న మూకుడో, రెండూ చవకే. అయినా కొనే ముందు తెలిసి ఉంటే మంచిది. అందుకే షోరూమ్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో రోజూ వాడే పోపు గరిటె, టీ గిన్నె, ఐదు లీటర్ల కుక్కర్, దోసె పెనం సంచిలో వేసుకెళ్లడం మేలు. రెండు కుక్కర్లు పక్కపక్కన పడతాయా, వెనక బర్నర్ మీదున్న దాని విజిల్ తీయాలంటే చెయ్యి ముందు మంట మీదుగా వెళ్తుందా, ఇవి కేటలాగులో ఉండవు. 30 అంగుళాల రేంజ్‌లో ఐదు బర్నర్లు ఇరికించిన మోడళ్లలో మధ్యది పేరుకే ఉంటుంది, నాలుగు మూలలా నాలుగు గిన్నెలు పెట్టాక దానికి చోటుండదు.

అడుగు గుండ్రంగా ఉన్న బాణలి వాడేవాళ్లకి ఇంకో ప్రశ్న, బర్నర్ ఓపెనా, సీల్డా అని. సీల్డ్ అంటే బర్నర్ చుట్టూ మూసేసి ఉంటుంది, పొంగిన పాలు, గంజి పైనే ఆగిపోతాయి, వెంటనే తుడిస్తే సరి, లేకపోతే వేడికి మాడి నల్లగా అతుక్కుంటాయి. మంట కూడా కాస్త బయటికి విచ్చుకుంటుంది. ఓపెన్‌లో పొంగింది కిందున్న ట్రేలోకి జారుతుంది, ట్రే లాగి కడుక్కోవాలి, బద్ధకిస్తే వాసనొస్తుంది, కానీ మంట నిటారుగా అడుగు మధ్యలో తగులుతుంది, బ్లూస్టార్‌లో అయితే పై జాలీ మధ్య ముక్క తీసేస్తే బాణలి నేరుగా మంట మీద కూర్చుంటుంది. వేపుళ్లు, గారెలు, జంతికలు ఎక్కువగా చేసే ఇంటికి ఓపెన్ బర్నర్ నప్పుతుంది, పాలు వారానికోసారైనా పొంగించే ఇంటికి ఏది తీసుకున్నా తోముడు తప్పదు.

ఇండక్షన్ మాట ఎత్తకుండా ఇవాళ ఈ చర్చ పూర్తికాదు. లెక్క సూటిగానే ఉంది. పది లీటర్ల నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ నుంచి మరిగేదాకా తేవాలంటే సుమారు 3,350 కిలోజౌళ్లు కావాలి. 18,000 బీటీయూ గ్యాస్ బర్నర్‌లో నలభై శాతం గిన్నెలోకి వెళ్తుందని ఉదారంగా అనుకున్నా దాదాపు 27 నిమిషాలు, 3.7 కిలోవాట్ల ఇండక్షన్ ఎనభై ఐదు శాతం అందిస్తే 18 నిమిషాలు. ఖరీదైన 25,000 బీటీయూ బర్నర్ కూడా ఇండక్షన్‌కి ఒక నిమిషం వెనకే. మంటే లేదు కాబట్టి మంటలోంచి వచ్చే, ఊపిరికి చేటు చేసే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా ఉండదు, సిమ్ అయితే గ్యాస్ ఏదీ పోటీకి రాదు. అయినా తెలుగు వంటగదిలో దానికి అడ్డంకులున్నాయి, అవి పట్టింపులు కావు, నిజమైన అడ్డంకులే. అల్యూమినియం కుక్కర్లు దాని మీద వేడెక్కవు, గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకుంటేనే పని. గుండ్రటి బాణలి, చేపల పులుసు మట్టి కుండ పక్కన పెట్టేయాల్సిందే. పుల్కా మంట మీద పొంగదు, పచ్చడికి వంకాయ కాల్చుకోలేం. 12 అంగుళాల ఇనప పెనాన్ని 8 అంగుళాల కాయిల్ మీద పెడితే దోసె మధ్యలో ఎర్రగా మాడుతుంది, అంచులు తెల్లగా పచ్చిగా ఉంటాయి, కాబట్టి 11 అంగుళాల కాయిల్ ఉందో లేదో చూసుకోవాలి. రోజువారీ వంటంతా ఇండక్షన్ మీద, పుల్కాకీ వంకాయకీ పక్కన ఒక చిన్న గ్యాస్ బర్నర్, ఈ ఏర్పాటు చాలా ఇళ్లకి పదివేల గ్యాస్ రేంజ్ కన్నా బాగా కుదురుతుంది, ఫొటోలో మాత్రం అంత బావుండదు.

గ్యాస్ మీద ప్రభుత్వాల ధోరణి కూడా మారుతోంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ 2019లో కొత్త ఇళ్లకి గ్యాస్ లైన్లు ఇవ్వొద్దని నిబంధన పెట్టింది, 2023లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కాలిఫోర్నియా ఇళ్లలో కొలిచి చూస్తే స్టవ్‌ల నుంచి బయటికొచ్చే మీథేన్‌లో (పైపు గ్యాస్‌లో ముఖ్య భాగం, భూమిని వేడెక్కించేది) నాలుగింట మూడు వంతులకి పైగా స్టవ్ ఆపేసి ఉన్నప్పుడు కారేదే అని తేలింది. ఇప్పుడు గ్యాస్ తీసుకునేవాళ్లు కూడా గోడ మూసేముందే స్టవ్ వెనకకి 240 వోల్టుల, 50 ఆంపియర్ల లైన్ ఒకటి లాగించి పెట్టుకుంటే, రేపు మనసు మారితే గోడ పగలగొట్టక్కర్లేదు. పైన గ్యాస్, కింద కరెంటు ఓవెన్ ఉండే డ్యూయల్ ఫ్యూయల్ రేంజ్‌కి ఎలాగూ 240 వోల్టులు కావాలి. పెద్ద రేంజ్‌కి గ్యాస్ పైపు కూడా అర అంగుళం సరిపోకపోవచ్చు, ముప్పావు అంగుళం అడుగుతారు.

ఇప్పుడు అసలు సంగతి, పొగ. డబ్బు లెక్కగా ఉంటే ముందు ఖర్చు పెట్టాల్సింది రేంజ్ మీద కాదు, పైన ఉండి పొగని బయటికి లాగే హుడ్ మీద. ఎండుమిరపకాయల పోపు ఘాటు, చేపల వేపుడు వాసన, ఇంగువ, వీటిని ఎంత గొప్ప రేంజ్ అయినా ఏమీ చేయలేదు. పోపు పెట్టగానే హాల్లో స్మోక్ అలారం మోగడం, ఒకరు తువ్వాలుతో దాని కింద విసరడం, ఇంకొకరు మంచు పడుతున్నా కిటికీ తలుపులు తెరవడం, ఈ దృశ్యం న్యూజెర్సీ నుంచి డాలస్ దాకా తెలియని ఇల్లు ఉండదు. స్టవ్ పైన వేలాడే మైక్రోవేవ్ హుడ్‌లు నిమిషానికి మూడు వందల ఘనపు అడుగుల గాలి లాగడమే గొప్ప, కొన్నయితే ఆ గాలిని బొగ్గు ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ వంటగదిలోకే వదులుతాయి, అది హుడ్ అనిపించుకోదు, ఫ్యాన్ అంతే. వాడుకలో ఉన్న లెక్క ఏమిటంటే మొత్తం బీటీయూని వందతో భాగించడం. ఆరు బర్నర్లూ కలిపి 90,000 బీటీయూ ఉంటే నిమిషానికి 900 ఘనపు అడుగులు లాగే ఫ్యాన్, సీఎఫ్ఎమ్ అని రాసేది దీన్నే. అయితే ఈ అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. హుడ్ రేంజ్ కన్నా రెండు పక్కలా మూడేసి అంగుళాలు వెడల్పుండాలి, ముందు బర్నర్ల మీదకి కూడా రావాలి, లేకపోతే ముందున్న మూకుడులో పొగ హుడ్ అంచు దాటి నేరుగా వండే మనిషి మొహానికి కొడుతుంది. పైపు బయటికి వెళ్లే దారిలో మలుపులు తగ్గాలి, పది అంగుళాల పైపు కావాల్సిన చోట పాత ఆరు అంగుళాల దానికే అతికిస్తే ఫ్యాన్ అరుస్తుంది, గాలి కదలదు. వంటగది నడుమ కట్టే గట్టు, అంటే ఐలాండ్ మధ్యలో స్టవ్ పెట్టుకుని కౌంటర్‌లోంచి పైకి లేచే డౌన్‌డ్రాఫ్ట్ ఫ్యాన్ పెడితే చూపులకి బావుంటుంది, ఎత్తు కుక్కర్ ఆవిరిని అది పట్టదు.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటొకటి ఉంది. అమెరికాలో ఎక్కువ చోట్ల వాడే ఇళ్ల నిర్మాణ కోడ్ ప్రకారం 400 సీఎఫ్ఎమ్ దాటిన హుడ్ పెడితే, చాలా సందర్భాల్లో బయటికి పోయిన గాలికి బదులు గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా చేయాలి, మేకప్ ఎయిర్ అంటారు. ఇల్లు గట్టిగా మూసి ఉండగా ఫ్యాన్ తొమ్మిది వందలు లాగితే ఇల్లు ఎక్కడో ఒక చోట నుంచి గాలి పీల్చుకోవాలి కదా, అది వాటర్ హీటర్ పొగగొట్టంలోంచి పీల్చుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దీనికి ఒక గాలి గొట్టం, అందులో తెరుచుకుని మూసుకునే డాంపర్ అనే రేకు తలుపు, చలి ప్రాంతమైతే ఆ గాలిని వేడి చేసే హీటర్, అన్నీ కలిపి వేలల్లో ఖర్చు. రేంజ్ కొన్నాక ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే అప్పుడు పుట్టే టెన్షన్ వేరు. అందుకే పెద్ద బర్నర్లు తక్కువున్న రేంజ్ తీసుకుని, దానికి తగ్గ హుడ్ సరిగ్గా పెట్టించుకున్నవాళ్లే సుఖపడతారు. ఇండక్షన్ అయితే మంట వేడి గాలి ఉండదు కాబట్టి తక్కువ ఫ్యాన్‌తో సరిపెట్టుకోవచ్చు, పోపు ఘాటు మాత్రం పొయ్యిని చూసి తగ్గదు.

ఓవెన్ గురించి తక్కువ చెబితే చాలు, ఎందుకంటే చాలా తెలుగు ఇళ్లలో అది బాణలీలు దాచుకునే అలమర. బేకింగ్ పిచ్చి నిజంగా ఉంటే కరెంటు ఓవెన్ మేలు, వేడి సమంగా పొడిగా ఉంటుంది, గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది కాబట్టి గ్యాస్ ఓవెన్ లోపల తేమ. కానీ మనవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి, పిండి పులియడానికి సరిపడే సన్న వేడి ఇచ్చే ప్రూఫ్ మోడ్ ఉందా అని. చాలా ఓవెన్లు 170 డిగ్రీల ఫారన్‌హీట్ కిందకి దిగవు, ఇడ్లీ పిండి పులియడానికి కావాల్సింది 85, 90, పెరుగు తోడుకోవడానికి 105, 110. షికాగో జనవరిలో ఓవెన్ లైటు వేసి పిండి గిన్నె లోపల పెట్టి దేవుడి మీద భారం వేసే అలవాటుకి ఇది సరైన విరుగుడు. ఓవెన్‌లో పై నుంచి సెగ కొట్టే బ్రాయిలర్ గట్టిదైతే వంకాయలు దాని కింద కాల్చొచ్చు, కట్టెల పొయ్యి వాసన రాదు కానీ తొక్క ఊడుతుంది.

మధ్యలో స్టీలు పలక ఉండే 48 అంగుళాల రేంజ్ చూసి ఒకేసారి రెండేసి దోసెలు పోయొచ్చని ఆశపడేవాళ్లుంటారు. పోయొచ్చు, నిజమే. కానీ ఆ మందపాటి పలక వేడెక్కడానికి పావుగంట, నీళ్లు చల్లి వేడి తగ్గించడం పెనం మీద అయినంత తేలిక కాదు, తరవాత దాన్ని అక్కడే నిలబడి గీకి తుడవాలి, సింక్‌లో వేసి కడగలేం. వారానికి రెండుసార్లు దోసెలు పోసే ఇంటికి ఒక మంచి ఇనప పెనం చాలు, ఆ చోటులో రెండు బర్నర్లు ఎక్కువొస్తాయి.

ఫ్రెంచి లా కార్న్యూ, లకాంష్ లాంటివి చూడ్డానికి నగల్లా ఉంటాయి, కొన్నిటి ధర చెబితే ఇంటి డౌన్ పేమెంట్ గుర్తొస్తుంది. ఇంగ్లండ్ వాళ్లు ప్రాణంగా చూసుకునే ఆగా కథ ఇంకా విచిత్రం, 1912లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డాలెన్ ఆ ఏడే ప్రమాదంలో చూపు పోగొట్టుకుని, 1922లో ఇంటి వంట కోసం దాన్ని కనిపెట్టాడు. పోత ఇనుముతో చేసిన ఆ సంప్రదాయ ఆగా ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి, చలి దేశానికి వరమే, టెక్సస్ ఎండాకాలంలో ఇంట్లో పెట్టుకుంటే ఏసీ బిల్లు చూసి ఏడవాలి.

టెక్సస్ అంటే గుర్తొచ్చింది, అక్కడ కొత్త ఇళ్లలో స్పైస్ కిచెన్ అని వెనక ఇంకో చిన్న వంటగది కట్టిస్తున్నారు. ముందు గదిలో ఎర్ర నాబుల రేంజ్ మెరుస్తూ ఉంటుంది, దాని మీద కొత్తింటి పాలు పొంగించి ఫొటో తీసుకుంటారు, ఆ తరవాత వంటంతా వెనక గదిలో ఎనిమిది వందల డాలర్ల స్టవ్ మీదే. డబ్బున్నవాళ్ల ఇష్టం వాళ్లది, కాకపోతే మంచి హుడ్ ఆ వెనక గదిలో పెట్టించాలి, ముందు గదిలో కాదు, చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది.

ఏ కంపెనీది తీసుకున్నా, ఆ ఊరికి నలభై, యాభై మైళ్లలో దాన్ని బాగు చేసే ఆథరైజ్డ్ టెక్నీషియన్ ఉన్నాడో లేదో డబ్బు కట్టకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి, దసరాకి చుట్టాలు దిగిన రోజు మంట వెలిగించే ఇగ్నైటర్ పోతే మూడు వారాలు ఆగమనేవాళ్లు ఎక్కువ. గ్యాస్ లైన్ లేని ప్రాంతమై ప్రొపేన్ ట్యాంక్ మీద నడపాల్సి వస్తే రేంజ్‌ని దానికి మార్చే కన్వర్షన్ కిట్ వేసి ఇస్తున్నారా అని అడగాలి, ఆ కిట్‌తో మంట కొంచెం తగ్గుతుంది. దింపిన రోజు మంట నీలంగా ఉందో లేదో అన్ని బర్నర్లూ వెలిగించి చూడాలి, పసుపు నాలుకలు లేస్తుంటే గాలి సర్దుబాటు చేయమనాలి. వెనక గోడకో నేలకో బిగించే యాంటీ-టిప్ బ్రాకెట్ పెట్టారా లేదా అని వంగి చూడాలి, తెరిచిన ఓవెన్ తలుపు మీద పిల్లలు ఎక్కితే తేలికపాటి రేంజ్ ముందుకి ఒరుగుతుంది, పైన మరుగుతున్న సాంబారు ఉంటుంది. ఆ పని చేసేదాకా సంతకం పెట్టకుండా ఇన్‌స్టాలర్‌ని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టడమే.